కోర్టులు పాత శిక్షలను తగ్గిస్తే ఖజానాకు ఎంత మిగులుతుంది? కాలిఫోర్నియా లెక్క

మీ ప్రశ్న సారాంశం ఇది. కాలిఫోర్నియాలో 2024 జనవరి 1న ఏబీ 600 (అసెంబ్లీ బిల్లు 600) అనే చట్టం అమల్లోకి వచ్చింది. శిక్ష వేసిన నాటి చట్టం ఆ తర్వాత మారి ఉంటే, ఆ పాత శిక్షను న్యాయమూర్తి తనంతట తానుగా తిరగదోడి తగ్గించే వీలు దీనితో కోర్టులకు కలిగింది. ఒక్కో ఖైదీ మీద రాష్ట్రం ఏటా 1,32,860 డాలర్లు ఖర్చు చేస్తోందని పత్రికల్లో చదివారు. ఆ లెక్కన వెయ్యి మంది ముందుగా ఇంటికి వెళ్తే ఏడాదికి 13 కోట్ల డాలర్లకు పైగా మిగలాలి కదా, మరి ఖైదీల సంఖ్య ఇన్నేళ్లుగా పడిపోతున్నా జైళ్ల శాఖ పద్దు ఎందుకు తగ్గడం లేదని అడిగారు. రాష్ట్ర శాసనసభకు వచ్చే బిల్లుల ఆర్థిక ప్రభావాన్ని లెక్కగట్టే పనిలో చాలాకాలంగా ఉన్నవాడిని కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

మీ గుణకారంలో తప్పు లేదు. గుణించడానికి తీసుకున్న అంకె మాత్రం ఈ ప్రశ్నకు సరిపోయేది కాదు. కోర్టు ఉత్తర్వు ఒక మనిషిని జైలు నుంచి బయటికి పంపుతుంది, అంతవరకే. డబ్బు మిగలాలంటే ఆ తర్వాత ప్రభుత్వం ఇంకో నిర్ణయం తీసుకోవాలి. ఖాళీ అయిన బ్లాకును, ఆ తర్వాత ఆవరణను, చివరికి జైలునే మూసివేయాలి. ఆ రెండో నిర్ణయం న్యాయమూర్తి చేతిలో లేదు. అది గవర్నరు, శాసనసభ తీసుకోవలసింది. ఈ రెండు నిర్ణయాల మధ్య ఏళ్ల తరబడి ఎడం ఉండవచ్చు, రెండోది అసలు జరగకపోనూవచ్చు.

మన దగ్గర నుంచి చదివేవారికి ఈ చట్టం తీరు కొత్తగా అనిపిస్తుంది కాబట్టి ముందు దాని సంగతి చెప్పాలి. తెలుగు రాష్ట్రాల్లో, ఆ మాటకొస్తే భారతదేశంలో ఎక్కడైనా, తీర్పు మీద సంతకం అయ్యాక రాతపొరపాట్లు, లెక్కపొరపాట్లు దిద్దడం తప్ప అదే క్రిమినల్ కోర్టు దాన్ని మార్చడానికి వీల్లేదు. సత్ప్రవర్తన కింద జీవో ఇచ్చి ఖైదీలను ముందుగా విడుదల చేసేది రాష్ట్ర ప్రభుత్వం. కాలిఫోర్నియాలో శిక్షాస్మృతి 1172.1 సెక్షన్ కింద కేసు తిరిగి శిక్ష వేసిన కోర్టుకే వస్తుంది. జైళ్ల శాఖ సిఫారసు చేయవచ్చు. 2019 నుంచి కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రాసిక్యూటరు, అంటే డిస్ట్రిక్ట్ అటార్నీ కూడా సిఫారసు చేయవచ్చు. అలా సిఫారసు వచ్చినప్పుడు కోర్టు తగ్గింపు వైపే మొగ్గాలనీ, ఆ మనిషి బయటికి వస్తే సమాజానికి అసమంజసమైన ప్రమాదం ఉందని తేలితేనే కాదనాలనీ చట్టం చెబుతోంది. ఏబీ 600 తర్వాత ఎవరి సిఫారసూ లేకుండా, ప్రాసిక్యూటరు ఒప్పుకోకపోయినా, న్యాయమూర్తి తానే కేసును వెనక్కి పిలిపించుకోవచ్చు. అయితే ఖైదీకి మాత్రం దరఖాస్తు చేసుకునే హక్కు లేదు. ఉత్తరం రాసుకున్నా దానికి కోర్టు బదులివ్వాలన్న నిబంధన లేదు. అంచనాలు వేసేవారికి అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఈ ఒక్క నియమమే. ఎన్ని కేసులు తిరిగి తెరుస్తారన్నది అర్హుల సంఖ్యను బట్టి కాక 58 కౌంటీల్లోని న్యాయమూర్తుల ఇష్టాన్ని బట్టి, వారి దగ్గరున్న తీరికను బట్టి ఉంటుంది. అందువల్ల ఇలాంటి చట్టానికి ఒకే ఒక్క అంకెతో ఎవరైనా ఆదా చూపిస్తే ఆ అంకెను నమ్మకండి.

ఇప్పుడు 1,32,860 డాలర్ల సంగతి చూద్దాం. ఇది సగటు: జైళ్ల మీద అయ్యే మొత్తం ఖర్చును ఖైదీల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. 2021-22కి శాసనసభ విశ్లేషకుల కార్యాలయం వేసిన లెక్కలో ఈ సగటు 1,06,131 డాలర్లు. అందులో కాపలాకు, భద్రతకు సుమారు 45,000, వైద్యానికి సుమారు 33,000 పోయాయి. అంటే నాలుగింట మూడు వంతులు జీతాలూ, వైద్యమూ. తిండి, బట్టలు, మంచం లాంటివన్నీ కలిపినా అందులో చిన్న భాగమే.

కాపలా ఖర్చు ఎందుకు కదలదో తెలియాలంటే ఒక బ్లాకు లోపలికి వెళ్లి చూడాలి. 1980ల తర్వాత కట్టిన కాలిఫోర్నియా జైళ్లలో బాగా కనిపించే నమూనాలో ఒక్కో బ్లాకులో వంద గదులుంటాయి, గదికి ఇద్దరు చొప్పున రెండు వందల మంది ఉంటారు. పైన అద్దాల కంట్రోలు గదిలో తలుపులు తెరిచి మూసే అధికారి ఒకరు, కింద ఖైదీల మధ్య తిరిగే అధికారులు ఇద్దరు. ఇలాంటి కాపలా స్థానం ఒక్కటి రాత్రింబవళ్లు నిండి ఉండాలంటే రోజుకు మూడు షిఫ్టుల లెక్కన వారానికి 21 షిఫ్టులు కావాలి. ఒక ఉద్యోగి వారానికి చేసేది అయిదు. సెలవులు, శిక్షణ, అనారోగ్యం కూడా కలుపుకుంటే ఒక్క స్థానానికి దాదాపు అయిదుగురిని జీతమిచ్చి ఉంచాలి. ఇప్పుడు ఆ బ్లాకు నుంచి పది మందిని కోర్టు విడుదల చేసిందనుకోండి. పైనున్న అధికారి పైనే ఉంటారు, కింద తిరిగే ఇద్దరూ అక్కడే ఉంటారు. నూటతొంభై మందికీ అదే కాపలా, అవే దీపాలు, అదే కరెంటు బిల్లు. తగ్గేవి ఆ పది మంది తిన్న భోజనాలు, తొడిగిన బట్టలు, వాడిన మందులు, ఇంకా కొన్ని చిల్లర ఖర్చులు మాత్రమే.

అలా ఒక్క మనిషి తగ్గినందువల్ల నిజంగా తగ్గే ఖర్చు ఏడాదికి ఇంచుమించు 15,000 డాలర్లు. అంటే మీరన్న వెయ్యి మందికి 13 కోట్లు కాదు, కోటిన్నర డాలర్లు. దాదాపు తొమ్మిదో వంతు. ప్రచార కరపత్రాల్లో మొదటి అంకె కనిపిస్తుంది, ఆర్థిక శాఖ పట్టికల్లో రెండోది కనిపిస్తుంది, మధ్యలో ఓటరు తనను ఎవరో మోసం చేశారనుకుంటాడు. సంస్కరణ కోరేవారు సగటు ఖర్చును చూపి ఆశలు పెంచడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఆ ఆదా రాకపోయేసరికి చట్టమే విఫలమైందన్న మాట పుడుతుంది, దాని దెబ్బ ఇంకా లోపల ఉండిపోయిన ఖైదీల మీద పడుతుంది.

అయితే 15,000 దగ్గరే ఆగిపోవడం కూడా తప్పే. తగ్గింపు పది మందితో ఆగక రెండు వందలకు చేరితే ఒక బ్లాకు మూతపడుతుంది, అప్పుడు ఆ కాపలా స్థానాలన్నీ ఒక్కసారిగా పోతాయి. వేలకు చేరితే ఒక జైలే మూతపడుతుంది. అప్పుడు వార్డెను కార్యాలయం, వంటశాల, చుట్టూ ఉన్న కాపలా బురుజులు, నీటి శుద్ధి కేంద్రం, పైకప్పుల మరమ్మతులు అన్నీ పద్దు నుంచి తొలగిపోతాయి. ట్రేసీ ఊళ్లో 1953 నుంచి నడిచిన డ్యూయెల్ జైలును 2021 సెప్టెంబరులో మూసినప్పుడు ఏటా సుమారు 15 కోట్ల డాలర్ల ఆదా చూపించారు. అక్కడి ఖైదీలలో ఎక్కువమంది ఇంటికి వెళ్లలేదన్నది గమనించండి. వారిని వేరే జైళ్లకు మార్చారు. ఆ జైళ్లలో చోటు ఎలా దొరికిందంటే, అంతకుముందు ఏళ్లలో వేరే వేరే చోట్ల వేరే వేరే కారణాలతో మనుషులు తగ్గినందువల్ల. అంటే ఒక విడుదల వల్ల వచ్చే పెద్ద ఆదా ఆ ఖైదీ ఉన్న జైలులో కనిపించదు, ఆ ఏడాదీ కనిపించదు. నాలుగేళ్ల తర్వాత రెండు వందల మైళ్ల అవతల ఇంకో జైలు మూతపడినప్పుడు కనిపిస్తుంది. అందులో ఏబీ 600 వాటా ఎంత, మంచి నడవడికకు రోజులు తగ్గించే ప్రాపొజిషన్ 57 (ఓటర్లు నేరుగా ఓటేసి ఆమోదించే చట్టాన్ని ప్రాపొజిషన్ అంటారు) వాటా ఎంత, కోవిడ్ వాటా ఎంత అని విడదీయడం ఎవరి తరమూ కాదు.

పద్దు ఎందుకు తగ్గలేదన్న మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. 2006లో కాలిఫోర్నియా జైళ్లలో సుమారు 1,73,000 మంది ఉండేవారు. 2011లో బ్రౌన్ వర్సెస్ ప్లాటా కేసులో అమెరికా సుప్రీంకోర్టు, జైళ్లలో నింపే సంఖ్య వాటి నిర్మాణ సామర్థ్యంలో 137.5 శాతానికి మించకూడదన్న ఆదేశాన్ని సమర్థించింది. 2023 నాటికి సంఖ్య సుమారు 95,000కు దిగింది. అయినా జైళ్ల శాఖ పద్దు ఏటా 1,400 కోట్ల డాలర్ల చుట్టూ ఉంది. జీతాలు పెరిగాయి, 2006 నుంచి కోర్టు నియమించిన రిసీవరు అజమాయిషీలో నడుస్తున్న జైలు వైద్యం మెరుగుపడి ఖరీదైంది, పాత భవనాలు మరమ్మతులు అడుగుతున్నాయి. పంచుకునే మనుషులు తగ్గి, పంచాల్సిన ఖర్చు తగ్గకపోవడంతో సగటు పెరిగింది. 1,06,131 నుంచి 1,32,860కి పెరగడానికి ఖాళీ మంచాలు కూడా ఒక కారణం. 2023 ఫిబ్రవరిలో విశ్లేషకుల కార్యాలయం, అప్పటికే నిర్ణయమైన మూసివేతలకు తోడు 2027లోగా మరో అయిదు జైళ్లు మూయవచ్చని, దానివల్ల ఏటా సుమారు 100 కోట్ల డాలర్లు మిగులుతాయని రాసింది. కోర్టులు, చట్టాలు, ఓటర్లు కలిసి సంపాదించిపెట్టిన ఆదా అదే. చాలావరకు తీసుకోకుండా బల్ల మీద ఉండిపోయింది.

ఎందుకు తీసుకోలేదంటే, జైలు ఉన్న ఊరికి అదే జీవనాధారం. ఈశాన్య మూలనున్న సుజన్‌విల్‌లో జైలు మూస్తామన్నప్పుడు ఆ ఊరు కోర్టుకెక్కి పనిని ఆపించింది. చివరికి 2023 జూన్‌లో గానీ అది మూతపడలేదు. ఆ ఊరివాళ్ల ఆందోళన నాకు అర్థం కానిది కాదు. బదిలీ అంటే వందల మైళ్ల దూరం, ఇల్లు అమ్ముకోవాలి, పిల్లల బడి మారాలి. ఆ ఊళ్లకు ఆసరా ఇవ్వడానికి అయ్యే డబ్బు కూడా ఈ లెక్కలో ఖర్చు కింద రాయాల్సిందే, అది రాయని అంచనా పూర్తి అంచనా కాదు.

ఒకప్పుడు శిక్ష తగ్గింపుల ఆదా ఇంత ఆలస్యంగా వచ్చేది కాదు. సుప్రీంకోర్టు గీసిన గీత దాటకుండా ఉండటానికి కాలిఫోర్నియా తన ఖైదీలను వేల సంఖ్యలో ఆరిజోనా, మిస్సిసిపీ లాంటి చోట్ల ప్రైవేటు జైళ్లలో పెట్టి మనిషికి, రోజుకు ఇంత అని అద్దె కట్టేది. అప్పుడు ఒకరు తగ్గితే ఒక అద్దె మంచం తగ్గేది, డబ్బు వెంటనే మిగిలేది. 2012 నవంబరులో ఓటర్లు ఆమోదించిన ప్రాపొజిషన్ 36, మూడో నేరం చిన్నదే అయినా పాతికేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడ్డవారు కోర్టుకు వెళ్లి తగ్గించుకునే దారి తెరిచింది. దానికి ఎన్నికల కరపత్రంలో అధికారిక అంచనా: ఏటా సుమారు 7 కోట్ల డాలర్ల ఆదా, తర్వాతి దశాబ్దాల్లో 9 కోట్ల వరకు, విచారణలకు ఒక్కసారి అయ్యే ఖర్చు కొన్ని పదుల లక్షలు. ఆ రోజుల్లో అది నమ్మదగిన అంచనా. 2019లో బయటి రాష్ట్రాల నుంచి ఆఖరి ఖైదీలు తిరిగి వచ్చేశాక పరిస్థితి మారింది. ఇప్పుడు ఖాళీ అయ్యేది అద్దె మంచం కాదు, సొంత మంచం. కాబట్టి 2012 నాటి ఆదా అంకెలు తెచ్చి ఏబీ 600కు అతికించకూడదు.

ఈ తేడా ఎంత పెద్దదో 2016లో ప్రాపొజిషన్ 47 మీద జరిగిన వివాదం చూపిస్తుంది. చిన్న దొంగతనాలను, వాడకానికి మాదకద్రవ్యాలు దగ్గర పెట్టుకోవడాన్ని తేలికపాటి నేరాలుగా మార్చి, అప్పటికే శిక్ష అనుభవిస్తున్నవారు కోర్టులో తగ్గింపు అడగవచ్చన్న ఆ చట్టాన్ని 2014 నవంబరులో ఓటర్లు ఆమోదించారు. రాష్ట్రానికి ఏటా పదుల కోట్ల డాలర్ల వరకు మిగలవచ్చని అప్పటి అంచనా. 2016 జనవరిలో గవర్నరు బడ్జెట్‌లో చూపిన మొదటి ఏడాది ఆదా 2.93 కోట్లు మాత్రమే. విశ్లేషకుల కార్యాలయం అది ఇంకో 10 కోట్ల దాకా ఎక్కువ ఉండవచ్చని అభ్యంతరం చెప్పింది. అదే చట్టం, అదే ఏడాది, అవే విడుదలలు. పేచీ ప్రధానంగా ఒక్క ప్రశ్న మీద: ఈ చట్టమే లేకపోతే ఆ ఖైదీలు సొంత జైళ్లలో ఉండేవారా, అద్దె మంచాల్లో ఉండేవారా? జరగని దాన్ని ఊహించి లెక్క కట్టాల్సిన చోట మంచి నిపుణులు ఇద్దరు ఇంత దూరంగా తేలవచ్చు.

ఆ ‘లేకపోతే’ మనిషి మనిషికీ మారుతుంది. ముప్ఫై ఏళ్ల శిక్షలో ఎనిమిదేళ్లు గడిపిన ముప్ఫై అయిదేళ్ల వ్యక్తికి పదేళ్లు తగ్గిస్తే ఈ ఏడాది బడ్జెట్‌లో పైసా మిగలదు. ఆ ఆదా సుమారు పదేళ్ల తర్వాత గానీ మొదలవదు. యావజ్జీవం మీద అదనంగా వేసిన ఒక్క ఏడాదిని కొట్టేస్తే అసలు ఎప్పటికీ రాకపోవచ్చు. ఇక యాభై ఏళ్లు నిండి ఇరవై ఏళ్లు జైలులో గడిపినవారిలో చాలామందిని వృద్ధుల పరోల్ కింద పరోల్ బోర్డు ఎలాగూ పరిశీలిస్తుంది. అలాంటివారికి కోర్టు మూడేళ్లు ముందుగా విడుదల ఇస్తే ఆదా ఆ మూడేళ్లదే, మిగిలిన జీవితకాలానిది కాదు. తగ్గించిన సంవత్సరాలన్నీ కూడి సగటు ఖర్చుతో గుణించే నివేదికలు ఈ రెండు చోట్లా తప్పుతాయి.

ఖర్చు వైపు కూడా చూడాలి. ఒక పాత కేసు తిరిగి తెరవడమంటే పాతికేళ్ల నాటి దస్త్రం గోదాము నుంచి తీయించాలి, జైలులో ఆ మనిషి నడవడిక ఫైలు తెప్పించాలి, ప్రభుత్వ ఖర్చుతో ఖైదీ తరఫున వాదించే పబ్లిక్ డిఫెండరు చదవాలి, ప్రాసిక్యూటరు చదవాలి, బాధితుల హక్కుల చట్టం ప్రకారం బాధితులకు కబురు పంపాలి, వారు మాట్లాడతామంటే వినాలి. బాధిత కుటుంబాన్ని వెతికి పట్టుకుని, మానిన గాయాన్ని మళ్లీ కదపకుండా మాట్లాడటానికి అనుభవం ఉన్న ఉద్యోగి కావాలి. ఇందులో పొదుపు చేయడం న్యాయం కాదు. కోర్టు గది ఒక గంట నడవడానికే 1,000 డాలర్లో, అంతకు మించో అవుతుందని శాసనసభ కమిటీల విశ్లేషణలు లెక్కగడతాయి. ఇవన్నీ ముందు ఏడాదుల్లోనే పడే ఖర్చులు, ఆదా తర్వాత వస్తుంది. పైగా జేబులు వేరు. కోర్టుల ఖర్చు రాష్ట్రానిది. ప్రాసిక్యూటరు, పబ్లిక్ డిఫెండరు, విడుదలయ్యాక చాలామందిని పర్యవేక్షించే ప్రొబేషన్ శాఖ కౌంటీలవి. జైలు ఆదా మాత్రం రాష్ట్రానిది. కౌంటీ పాలన చూసే ఎన్నికైన పర్యవేక్షకులు ఇలాంటి చట్టాల మీద అసంతృప్తి చూపిస్తే అది కఠినత్వం కాదు, చాలాసార్లు ఈ లెక్కే కారణం.

2021 బడ్జెట్‌లో రాష్ట్రం తొమ్మిది కౌంటీలకు శిక్షల పునఃపరిశీలన ప్రయోగం కోసం 1.8 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ డబ్బు తిరిగి రావాలంటే ఎన్ని జైలు సంవత్సరాలు తగ్గాలో మీరే వేసి చూడండి: మనిషికి 15,000 లెక్కన 1,200 సంవత్సరాలు, సగటు ఖర్చు లెక్కన సుమారు 135 సంవత్సరాలు. ఒక్కొక్కరికి సగటున అయిదేళ్లు తగ్గితే మొదటి లెక్కన 240 మంది, రెండో లెక్కన 27 మంది చాలు. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఎక్కడ అన్నది మళ్లీ జైలు మూతపడుతుందా లేదా అన్నదాని మీదే ఆధారపడుతుంది.

ఖజానాకు తొందరగా, ఖాయంగా ఉపశమనం దొరికే చోటు ఒకటుంది: ముసలివారు, దీర్ఘరోగులు. పేదల వైద్య ఖర్చులు భరించే మెడికెయిడ్ కార్యక్రమం 1965లో మొదలైనప్పటి నుంచీ జైలులో ఉన్నవారికి సాధారణంగా వర్తించదు; బయటి ఆసుపత్రిలో 24 గంటలకు మించి చేరినప్పుడు తప్ప వైద్యం ఖర్చు దాదాపు అంతా రాష్ట్రమే భరించాలి. డయాలిసిస్ అవసరమైన ఖైదీని వారానికి మూడుసార్లు బయటికి తీసుకెళ్లాలన్నా, క్యాన్సర్ రోగిని ఆసుపత్రిలో ఉంచాలన్నా మంచం పక్కన కాపలా ఉండాలి, వారి ఓవర్‌టైము కూడా వైద్యానికి తోడవుతుంది. అదే మనిషి బయటికి వచ్చాక, మెడికెయిడ్‌కు ఒబామా కాలంలో జరిగిన విస్తరణ కింద అర్హుడైతే అతని వైద్యంలో 90 శాతం ఫెడరల్ ప్రభుత్వం భరిస్తుంది. అరవై అయిదు దాటితే చాలామందికి వృద్ధుల ఫెడరల్ వైద్యబీమా అయిన మెడికేర్ ఉంటుంది. ఇక్కడ సగటు లెక్కలు పనికిరావు. ఒక్క రోగి విడుదల పదిమంది ఆరోగ్యవంతుల విడుదల కంటే ఎక్కువ మిగల్చవచ్చు. శారీరక స్థితిని, వయసును చూడమని 1172.1 సెక్షన్ కోర్టుకు చెబుతోంది కాబట్టి కోర్టులు ముందుగా ఈ కేసులు చేపట్టడం మానవత్వం రీత్యానే కాక ఆర్థికంగా కూడా సరైనది.

ఫెడరల్ వైపు నుంచి చూస్తే ఇదే ఖర్చుగా కనిపిస్తుందన్నది కూడా తెలుసుకోవాలి. 2018 ఫస్ట్ స్టెప్ చట్టం, క్రాక్ కొకైన్ కేసుల పాత శిక్షలను తగ్గించే అధికారం ఫెడరల్ కోర్టులకు ఇచ్చింది. ఆ చట్టం వల్ల పదేళ్లలో నేరుగా అయ్యే వ్యయం సుమారు 34.6 కోట్ల డాలర్లు పెరుగుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. కారణం, విడుదలైనవారు మెడికెయిడ్‌కు, ఆహార సహాయానికి అర్హులవుతారు. జైళ్లలో తగ్గే ఖర్చు ఏటా కేటాయించే నిధుల కిందికి వస్తుంది కాబట్టి ఆ అంకెలో అది కలవలేదు. అంచనా తప్పు కాదు. ఏ పద్దును చూస్తున్నామన్నదే తేడా. ‘శిక్షలు తగ్గిస్తే ఖర్చు పెరుగుతుందట’ అని ఎవరైనా రాస్తే ముందు ఏ పద్దు అని అడగండి.

విడుదలైనవారు మళ్లీ నేరం చేస్తే ఆ ఖర్చు ఎవరు లెక్కిస్తారన్న ప్రశ్న న్యాయమైనది. పోలీసు, కోర్టు, మళ్లీ జైలు, అన్నిటికీ మించి బాధితుడి నష్టం. కాలిఫోర్నియాలో విడుదలైన వారందరినీ కలిపి చూస్తే మూడేళ్లలో సుమారు 40 శాతం మందికి మళ్లీ శిక్ష పడుతోంది. యావజ్జీవ ఖైదు చాలా ఏళ్లు అనుభవించి బోర్డు విచారణ ద్వారా బయటికి వచ్చినవారిలో అది 5 శాతం లోపే. కోర్టులు తిరిగి తెరిచే కేసులలో ఎక్కువ భాగం ఈ రెండో రకానికి దగ్గరగా ఉంటే ఈ ఖర్చు చిన్నది. కొత్తగా లోపలికి వచ్చిన యువకులవైపు జరిగితే పెరుగుతుంది. విడుదల నాడు చేతికి ఇచ్చే డబ్బు 1973 నుంచి 200 డాలర్లే. అద్దె గదికి ముందస్తు కూడా రాని ఆ సొమ్ముతో పాతికేళ్ల తర్వాత బయటి లోకంలోకి పంపి, వసతికి, చికిత్సకు పైసా పెట్టకుండా ఆదా లెక్కేసుకోవడం ఆర్థిక నిపుణత అనిపించుకోదు.

మిగిలిన డబ్బు ఎటు పోతుందన్నది చట్టం రాసేటప్పుడే తేల్చాలి. ప్రాపొజిషన్ 47 ఈ విషయంలో స్పష్టంగా ఉంది: ఏటా ఆర్థిక శాఖ ఆదా లెక్కగట్టాలి, ఆ మొత్తంలో 65 శాతం మానసిక వైద్యానికి, మత్తు విడిపించే చికిత్సకు, 25 శాతం బడి మానే పిల్లల కార్యక్రమాలకు, 10 శాతం బాధితుల సేవలకు వెళ్లాలి. ఇటీవలి ఒక ఏడాది ఆ మొత్తం సుమారు 9.5 కోట్ల డాలర్లు. ఏబీ 600లో అలాంటి ఏర్పాటు లేదు. మిగిలేది సాధారణ నిధిలో కలిసిపోతుంది. అంటే అయిదేళ్ల తర్వాత మీరు అడిగినా ‘ఇదిగో ఇంత’ అని చూపించే ఖాతా ఉండదు. 2024 నవంబరులో ఓటర్లు మరో ప్రాపొజిషన్ 36తో కొన్ని దొంగతనాలకు, మాదకద్రవ్యాల నేరాలకు శిక్షలు మళ్లీ పెంచారు. దానివల్ల రాష్ట్రానికి ఏటా కొన్ని కోట్ల నుంచి పది, ఇరవై కోట్ల డాలర్ల వరకు అదనపు ఖర్చు ఉండవచ్చని, ప్రాపొజిషన్ 47 ఆదా కూడా తగ్గుతుందని అధికారిక విశ్లేషణే చెప్పింది. ఒక తలుపు నుంచి కోర్టులు బయటికి పంపేవారి స్థానంలో ఇంకో తలుపు నుంచి కొత్తవారు వస్తే, సంఖ్య జైలు మూసే స్థాయికి ఎప్పటికీ చేరకపోవచ్చు.

మీరు అక్కడి ఓటరుగా దీన్ని గమనించాలనుకుంటే జైళ్ల శాఖ మొత్తం పద్దును చూడకండి, అందులో జీతాల పెంపు ఆదాను కప్పేస్తుంది. జనవరిలో గవర్నరు బడ్జెట్, మేలో సవరించిన బడ్జెట్ వచ్చినప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి: రాబోయే అయిదేళ్లకు అంచనా వేసిన ఖైదీల సంఖ్య, కోర్టు పరిమితి ప్రకారం ఉంచుకోగల సంఖ్య. ఈ రెండింటి మధ్య తేడా ఒక పూర్తి జైలుకు మించి ఉండి, మూసివేత జాబితాలో పేరు లేకపోతే ఆదా అక్కడ ఆగిపోయిందని అర్థం. 2024 నవంబరులో బ్లైత్ దగ్గరి చకవాలా జైలు మూతపడింది. నార్కోలోని జైలును 2026లో మూస్తామని 2025లో ప్రకటించారు. ఆ తర్వాత ఏది అన్న ప్రశ్నను మీ శాసనసభ్యుడికి ఉత్తరంలో అడగండి, ఏబీ 600 కింద మీ కౌంటీలో ఎన్ని కేసులు తెరిచారో కూడా అదే ఉత్తరంలో అడగండి.